మాట పడ్డ ప్రెసిడెంటు గారు

మా ప్రెసిడెంటు గారు పోయారు. కిందటి మంగళవారం మధ్యాహ్నం, దువ్వాడలో నేను పనిచేసే బడి స్టాఫ్ రూములో అన్నం క్యారేజీ విప్పుతుంటే అమ్మ ఫోన్ చేసింది. అమ్మ ఫోనులో ఎప్పుడూ అరిచి మాట్లాడుతుంది. సముద్రం పక్కన పుట్టి పెరిగినవాళ్లందరికీ ఉన్న అలవాటే అది. ఆ రోజు మాత్రం గొంతు పైకి లేవలేదు.

"పెసిడెంటు పోనాడే అమ్మా. పొద్దున్న టీ తాగి అరుగు మీద కూకున్నాడంట. అలాగే ఒరిగిపోనాడు."

"నువ్వెక్కడున్నావు?"

"ఆల్లింటి ముందరే ఉన్నాను. పేటంతా ఇక్కడే ఉంది. గుమ్మం దాటి లోపలికెల్లడానికి ఎవులికీ మొకం సెల్లతం లేదు. నువ్వొచ్చీ."

పోయిన మనిషి ఇంట్లోకి వెళ్లడానికి ఒక పేట పేటకే ముఖం ఎందుకు చెల్లలేదో చెప్పాలనే ఇది రాస్తున్నాను. పెద్దాయన గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చున్నాను గానీ, ఏ మాట రాయబోయినా దాని ముందు సిగ్గు వచ్చి నిలబడుతోంది. సరే, దాన్ని కూడా పక్కన కూర్చోబెట్టుకునే రాస్తాను.

మాది విశాఖ ఒడ్డున చేపలవాళ్ల పేట. ఇటు చూస్తే హార్బరు, అటు చూస్తే ఇసక. ప్రెసిడెంటు గారు మా పేటలోనే పుట్టి, కుర్రతనంలో నేవీలో చేరి, ఓడల మీద చాలా దేశాలు తిరిగి, పింఛను పుచ్చుకుని మళ్లీ పేటకే వచ్చారు. ఆయనతోపాటు దిగిపోయినవాళ్లు స్టీలు ప్లాంటులో సెక్యూరిటీ ఉద్యోగాల్లోకి వెళ్లారు. ఈయన మాత్రం నాన్నతో కలిసి వల పట్టుకున్నారు. నాన్నకి వరసకి బావ. కొన్నాళ్లకి తెప్పలవాళ్లంతా సంఘం పెట్టుకుని, ఇంగ్లీషు ముక్కలొచ్చినవాడని ఆయన్ని ప్రెసిడెంటుని చేశారు. ఆ పదవి ఎన్నాళ్లో లేదు. పిలుపు మాత్రం చచ్చేదాకా ఉంది. ప్రేమతో పిలిచినా అదే, తిట్టినా అదే.

రోజూ గడ్డం గీసుకునేవారు. వాన కురుస్తున్నా సరే, చూరు కింద అద్దం తగిలించుకుని గీసుకునేవారు. బొగ్గుల ఇస్త్రీ పెట్టెతో చొక్కా తనే ఇస్త్రీ చేసుకునేవారు. సాయంత్రాలు ఆ చొక్కాతోనే వచ్చి, ఒడ్డున బోర్లించిన పడవ మీద కూర్చునేవారు. లైబ్రరీ నుంచి తెచ్చి చదివేవన్నీ సేనాధిపతుల జీవితాలు, మంత్రుల జీవితాలు. వలలు బాగుచేసుకునే మగవాళ్లు, చేపలు అమ్ముకుని వచ్చిన ఆడవాళ్లు, మా పిల్లలం, అందరం చుట్టూ చేరేవాళ్లం. ఆయన కథ చెప్పేవారు గానీ ఎవరి పేరూ చెప్పేవారు కాదు.

"ఎవులు మావా ఆ రాజు?" అని అడిగేదాన్ని.

"పేరు సెప్తే పేరు కంఠతా పడతావు, ఆడు సేసింది మర్సిపోతావు. పేరొద్దు."

ఆయన చెప్పిన వాటిలో మూడు నాకు బాగా గుర్తున్నాయి. సైనికులందరూ తిన్నాకే తను తినే సేనాపతి కథ ఒకటి. రైలు ప్రమాదంలో జనం చచ్చిపోతే, తను నడిపిన రైలు కాకపోయినా, తప్పు నాదేనని కుర్చీ దిగిపోయిన మంత్రి కథ ఒకటి. మూడోది మంచు కథ. ఒక పెద్ద చక్రవర్తి లక్షల సేనతో చలిదేశం మీదికి వెళ్లి ఓడిపోయి వెనక్కి తిరిగాడు. దారిలో సైనికులు మంచులో పడి చచ్చిపోతుంటే తను మాత్రం బండెక్కి ముందే ఇంటికి వెళ్లిపోయాడు. మేం మంచు చూసినవాళ్లం కాదు. ఐసు ఫ్యాక్టరీలో చేపల మీద కొట్టే ఐసుముక్కల్లో నడుస్తున్నట్టు ఊహించుకునేవాళ్లం.

"యుద్ధంలో ఓడిపోడం తప్పు కాదర్రా," అనేవారు ఆయన. "గెలిసిన్రోజు ఎవుడైనా నాయకుడే. ఓడిపోయిన మర్నాడు పొద్దున్న ఆడెక్కడున్నాడో అది సూడాల."

తొంభైల మొదట్లో మరబోట్లవాళ్లు మా ఒడ్డుకి మరీ దగ్గరగా వచ్చి వేట చేయడం మొదలుపెట్టారు. వాళ్ల బోట్లు మా వలల మీదుగా పోయేవి. రాత్రి వేసిన వల పొద్దున్న పీలికలై దొరికేది. సంఘం వాళ్లు ఆఫీసుల చుట్టూ ఎన్నిసార్లు తిరిగినా ఎవరూ పట్టించుకోలేదు. చివరికి ప్రెసిడెంటు గారు పిలుపు ఇచ్చారు. తెప్పలన్నీ తీసుకుపోయి హార్బరు ముఖద్వారానికి అడ్డంగా నిలబెట్టారు. బోట్లు ఆగాయి. మా వేటా ఆగింది.

రోజులు గడిచాయి. పేటలో పొయ్యిలు ఆరాయి. రామాలయం పక్కన ఒకటే పెద్ద డేగిశాలో అందరికీ గంజి కాచేవారు. ఆయన ఆ డేగిశా పక్కన నిలబడి, చిన్నపిల్లలకి ముందు, ముసలివాళ్లకి తర్వాత, చివరికి తెప్పల మీంచి వచ్చిన మగవాళ్లకి పోయించేవారు. తన వంతు వచ్చేసరికి చాలాసార్లు అడుగంటిన మాడే ఉండేది. ఆ సేనాపతి కథ మాకు అప్పుడు అర్థమైంది.

ఆఖరికి బోట్లవాళ్లు దిగొచ్చారు. ఒడ్డు దగ్గరికి రామని పెద్దమనుషుల ముందు ఒప్పుకున్నారు. మా నాన్న ప్రెసిడెంటు గారిని భుజాల మీద ఎక్కించుకుని పేటంతా తిప్పాడు. ఆయన ఇస్త్రీ చొక్కా బంతిపూల పసుపుతో మరకలైపోయింది. మా నాన్న అంతగా నవ్వడం నేను అదే మొదటిసారి చూడ్డం.

ఆ మర్నాడే రేడియోలో వాయుగుండం అని చెప్పారు. హార్బరులో ప్రమాద సూచిక ఎగరేశారు. అది మా ఒడ్డునుంచి కనిపిస్తుంది. సాయంత్రం మగవాళ్లంతా ఇసకలో కూర్చుని మాట్లాడుకున్నారు. తెల్లవారకముందే పడవలు దిగాయి.

నాన్న వెళుతూ అమ్మతో, "మజ్జానానికి వచ్చేత్తాను. పులుసుకి చింతపండు నానబెట్టు," అన్నాడు. అన్నాళ్ల తర్వాత ఇంట్లో పులుసు వండబోతున్నామని అమ్మ అంత పొద్దున్నే ముంతలో చింతపండు నానేసింది.

పదింటికి గాలి తిరిగింది. పడవలు ఒకటొకటిగా ఒడ్డుకి కొట్టుకొచ్చాయి. కొన్ని విరిగాయి, మనుషులు మాత్రం వచ్చారు. నాన్నా చిన్నాన్నా వెళ్లిన పడవ రాలేదు. దాని చెక్కలు రెండు రోజుల తర్వాత రుషికొండ వైపు దొరికాయి. చిన్నాన్న దొరికాడు. నాన్న దొరకలేదు. ముంతలో చింతపండు పులిసి బూజు పట్టినా అమ్మ దాన్ని ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

తర్వాత జరిగింది నా కళ్లెదుటే జరిగింది. ఒక పార్టీ నాయకుడు పరామర్శకని వచ్చాడు. ఒడ్డున షామియానా వేశారు, మైకు పెట్టారు. అమ్మని, పిన్నిని, నాన్నమ్మని, నన్ను ముందు వరసలో కుర్చీల్లో కూర్చోబెట్టారు. నాయకుడు మా పక్కనే నిలబడి ప్రెసిడెంటు గారి చెవిలో చెప్పిన మాట నాకు వినబడింది.

"మీరు ఒక్క మాటంటే చాలు. హెచ్చరిక మాదాకా రాలేదని అనండి. మిగతాది నేను చూసుకుంటాను. వచ్చే కార్పొరేషను ఎన్నికల్లో ఈ వార్డు మీదే."

ప్రెసిడెంటు గారు తలాడించలేదు, కాదనలేదు. మైకు దగ్గరికి వెళ్లారు. గడ్డం గీసుకున్నారు. చొక్కా మాత్రం ఇస్త్రీ లేదు.

"హార్బరులో జెండా ఎగరేసారు. నాను సూసేను," అన్నారు. "రేడియోలో సెప్పేరు. నాను ఇన్నాను. సూసీ, ఇనీ, ఎల్లండన్నాను. ఇందులో ఇంకెవులి తప్పూ నేదు. నాదే."

నాయకుడు గబగబా మైకు లాక్కోబోయాడు. అంతలో మా నాన్నమ్మ కుర్చీలోంచి లేచింది. వంగి గుప్పెడు ఇసక తీసి ఆయన ముఖాన కొట్టింది. "నా కొడుకులిద్దర్నీ తినేసినావురా!" అంది. ఆ తర్వాత ఎవరెవరు విసిరారో తెలియదు. అందరూ విసిరారు. ఇసక అయ్యాక చెప్పులు విసిరారు. ఆయన కళ్లు మూసుకున్నారు గానీ చెయ్యి అడ్డం పెట్టుకోలేదు.

హెచ్చరిక విని కూడా వెళ్లారని తేలాక సర్కారు సాయం ఆగిపోతుందని అందరూ అన్నారు. ఆగలేదు, ఆలస్యమైంది. ఆ ఆలస్యానికి కూడా ఆయన్నే తిట్టారు.

ఆ రోజే సంఘం నుంచి దిగిపోయారు. ఆయన కొడుకు స్టీలు ప్లాంటులో ఉద్యోగి, టౌన్‌షిప్పులో క్వార్టరు ఉంది. తండ్రిని తీసుకుపోదామని ఆటో కట్టించుకుని వచ్చాడు. ఆ తండ్రీకొడుకుల మాటలు గోడ ఇవతలున్న మా ఇంట్లోకి వినబడ్డాయి.

"ఇక్కడేటి నాన్నా నీకు? కుక్కకన్నా కనాకట్టంగా సూత్తన్నారు. రా, ఎలిపోదాం."

"జనాన్ని మంచులో వదిలీసి బండెక్కమంటావేట్రా?"

"మంచేటి నాన్నా? ఏం మాటాడతన్నావు?"

"నీకు తెల్దులే. నువ్వెల్లు."

ఆటో ఖాళీగా పోయింది. పేట ఆయన్ని వెలివేసింది. ఎవరూ పంచాయితీ పెట్టి నిర్ణయించలేదు, అలా జరిగిపోయింది. కుళాయి దగ్గర ఆయన బిందె పెడితే తక్కినవాళ్లు తమ బిందెలు తీసేసేవారు. తెల్లవారుజామున పడవలు నీళ్లలోకి తోసేటప్పుడు ఆయన వచ్చి చెయ్యి వేయబోతే, "నీ సెయ్యి మా పడవ మీద పడొద్దు," అనేవారు. ఆయన చెయ్యి తీసేసి పక్కకి జరిగి నిలబడేవారు. మర్నాడు మళ్లీ వచ్చి నిలబడేవారు.

ఒకసారి మా ఇంటికి వచ్చారు. గుమ్మంలో నిలబడి, "చెల్లెమ్మా," అన్నారు. అమ్మ తలుపు వేసేసింది. తలుపుకి వీపు ఆనించి అలాగే కూర్చుండిపోయింది. కోపమనుకున్నాను అప్పుడు.

తర్వాత ఆయన ఒక పని మొదలుపెట్టారు. రోజూ సాయంత్రం రేడియో వార్తలు విని, హార్బరు వైపు నడిచి వెళ్లి సూచిక చూసుకుని, టెలిఫోను బూతు నుంచి పోర్టు ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కునేవారు. ఆ తర్వాత పేటలో ప్రతి సందులోనూ నడుస్తూ గట్టిగా చెప్పేవారు. "రేపు గాలి లేదు, ఎల్లొచ్చు!" లేకపోతే "వాయుగుండం ఉంది, ఎల్లొద్దు!" ఎవరూ బదులివ్వరు. ఆయన వస్తున్నట్టు తెలియగానే అరుగుల మీద వాళ్లు అటు తిరిగి కూర్చునేవారు. కానీ రేడియోల గొంతు తగ్గించేవారు. ఏడుస్తున్న పిల్లల నోళ్లు మూసేవారు. అమ్మ తలుపు సందున చెవి పెట్టి విని, అవతలి సందులో చెవుడున్న మేనత్తకి వెళ్లి చెప్పి వచ్చేది. ఆయనతో మాట్లాడరు గానీ ఆయన మాట వదులుకోరు. ఆయన వద్దన్న రోజున మా పేటలో ఎవరూ నీళ్లలోకి దిగలేదు. అలా ఏళ్లు గడిచాయి. ఆయన నడక నెమ్మదించింది, గొంతు బొంగురుపోయింది. వెనక్కి తిరిగి కూర్చున్నవాళ్లకి తలలు నెరిశాయి.

నేను చదువుకున్నాను. సాంఘిక శాస్త్రం టీచరుగా దువ్వాడలో ఉద్యోగం వచ్చింది. ఆ కబురు తెలిసిన సాయంత్రం అమ్మ గుమ్మంలో కూర్చుని చేపలు తోముతోంది. బయట ఆయన గొంతు వినబడుతోంది. నేను, "ఇంక రోజూ ఈ గొంతు ఇనక్కర్లేదు. నాన్నని సంపినోడి గొంతు," అన్నాను.

అమ్మ చేతిలో చేప ఆగిపోయింది.

"అలగనకే," అంది.

"ఏటి అలగనకే?"

"ఆరోజు ఇసకలో ఆయన ఎల్లమన్లేదు."

అమ్మ తల ఎత్తకుండా, చేపతో చెబుతున్నట్టు చెప్పింది. ఆ సాయంత్రం ఇసకలో ప్రెసిడెంటు గారు రేపు ఎవరూ దిగొద్దన్నారట. రెండు రోజులు ఆగితే గాలి తగ్గుతుందన్నారట. ఎవరూ వినలేదు. అన్నాళ్లు గంజి తాగినవాళ్లు. అందరిలోకీ ముందు మా నాన్న లేచాడట. "నీకేటి బావా, నెల తిరిగితే పించనొచ్చీసి పడతాది. నీ కుండ ఉడుకుతాది. మా పిల్లలు గంజే తాగాల. నేవీలో ఓడల మీద తిరిగినోడివి, ఈపాటి గాలికి బయమేస్తందేటి నీకు?" అన్నాడట. అందరూ నవ్వారట. ఆయన తల వంచుకుని, "సరే, ఎల్లండి. మజ్జానానికల్లా తిరిగొచ్చీండి," అన్నారట.

"మీ నాన్న ఇంటికొచ్చి నవ్వుకుంటా సెప్పేడే నాతో. బావని ఒక్క మాటతో పడగొట్టీసేనన్నాడు. నాకు తెల్సు. జెండా ఎగరేసారనీ తెల్సు. ఎల్లకయ్యా అన్లేకపోనాను. ఇంట్లో గింజ నేదు. మీకు పులుసన్నం పెట్టాలని నాకూ ఉంది మరి."

"ఇసకలో ఉన్నోల్లందరికీ తెల్సా?"

"అందరికీ తెల్సు. మైకులో ఆయన నాదే తప్పన్నప్పుడు ఎవులో ఒకలు లేసి కాదంటారనుకున్నాను. ఎవులూ లెగనేదు. నానూ లెగనేదు. లేసి ఏటని సెప్పీది? సచ్చినోడి మీద మచ్చ ఎయ్యమంటావా?"

అప్పుడు తెలిసింది నాకు, ఆ రోజు అమ్మ తలుపు ఎందుకు వేసిందో. ఆయన ముఖం చూడలేక.

మర్నాడు ఆయన ఇంటికి వెళ్లాను. అన్నేళ్లలో మా ఇంటినుంచి ఆ గుమ్మం తొక్కింది నేనే మొదలు. ఆయన అద్దం ముందు గడ్డం గీసుకుంటున్నారు. నన్ను చూసి సబ్బు నురగతోనే లేచి నిలబడ్డారు.

"మావా, నువ్వు ఎల్లొద్దన్నావంట గదా. ఎందుకు సెప్పలేదు?"

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకున్నారు. సగం గడ్డం గీసి ఉంది, సగం లేదు.

"ముందు ఒద్దన్నాను తల్లీ. తర్వాత ఎల్లమన్నాను. నాయకుడికి ఆకరి మాటే మాట."

"నిన్ను అందరూ కలిసి ఒప్పించేరు. మా నాన్న అనరాని మాటన్నాడు."

"అన్నాడు. అదే నా తప్పు." ఆయన అరుగు మీద కూర్చుని నన్నూ కూర్చోమన్నారు. "ఎంతమంది సేనాపతుల కతలు సదివేను! ఎలా గెలవాలో, ఎలా ఓడాలో అన్నీ సదివేను. పిరికోడన్న మాట పడి ఊరుకోడం మాత్రం నేర్సుకోలేదు. మీ నాన్న నన్ను పిరికోడన్నాడు, పించనున్నోడివన్నాడు. ఆ మాట పడలేక, నా పరువు నిలబెట్టుకోడానికి ఎల్లండన్నాను. సముద్రం ఎలగుందో తెలిసీ అన్నాను. ఆ రోజు పిరికోడన్న మాట మోసీసుంటే మీ నాన్న బతికుండీవోడు. మర్నాడు నవ్వుకునీవోల్లం."

నేను అరుగు అంచున కూర్చున్నాను.

"అందుకే ఇప్పుడు మాటలు పడతన్నాను. ముసలితనంలో నేర్సుకుంటన్నాను." కొంచెం నవ్వారు. "నువ్వు ఈ సంగతి ఎవులితోటీ అనొద్దు. నాను బతికున్నన్నాల్లూ అనొద్దు. పోనోల్లు తిరిగొచ్చి జవాబు సెప్పుకోలేరు. ఆల్ల మీద ఎయ్యకూడదు. నాను పోనాక మీ ఇట్టం."

నేను మాట ఇచ్చాను. అమ్మకీ చెప్పాను. ఆయన వద్దన్నారు కాబట్టి ఊరుకున్నాం అని మాకు మేము చెప్పుకున్నాం. నిజం చెప్పాలంటే ఆ వద్దనడం మాకు హాయిగానే ఉంది. పేటలో అందరికీ హాయిగానే ఉంది. ఒక మనిషి వంచిన వీపు మీద మా అందరి మూటలూ పెట్టేసి తేలిగ్గా నడిచాం.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడు, పిల్లలకి నాయకుల గురించి చెప్పమని ఆయన్ని మా బడికి పిలిచాను. ఎర్ర బస్సులో నిలబడి వచ్చినా చొక్కా ఇస్త్రీ నలగలేదు. అందరూ తిన్నాకే తినే సేనాపతీ కుర్చీ దిగిన మంత్రీ కథలో వస్తారనుకున్నాను. ఆయన మాత్రం ఒక కొత్త కథ చెప్పారు. ఒక ఊళ్లో చేపలవాళ్లకి ఒక నాయకుడు ఉండేవాడు. గాలి వస్తుందని తెలిసి కూడా, ఒక మాట పడలేక, మనుషుల్ని నీళ్లలోకి పంపేశాడు. వాళ్లు తిరిగి రాలేదు. అంతే కథ. ఇసకలో నవ్వినవాళ్ల సంగతి అందులో లేదు. మాట అన్న మనిషి కూడా కథలో లేడు. మాట మాత్రమే ఉంది.

వెనక బల్ల మీద కూర్చున్న ఒక ఆడపిల్ల లేచి అడిగింది. "ఆ ఊరోళ్లు ఆయన్ని క్షమించేరా సార్?"

ఆయన నా వైపు చూడలేదు. చూడకుండా ఉండటానికి ఆయన పడ్డ అవస్థ నాకు తెలుసు.

"ఆల్లెందుకు క్షమించాల తల్లీ? ఆల్లు రోజూ ఏటకెల్తన్నారు, తిరిగొత్తన్నారు. ఆడికి అది సాలు."

పిల్లలు చప్పట్లు కొట్టారు. చరిత్ర చెప్పే టీచరుని నేను, ఆ గదిలో గోడకి ఆనుకుని నిలబడి, నా కాలివేళ్లు చూసుకుంటూ ఉండిపోయాను. బస్సు ఎక్కించడానికి వెళ్లినప్పుడు దారంతా ఆయనే మాట్లాడారు. కొత్త రోడ్ల గురించి, దువ్వాడలో లేస్తున్న ఇళ్ల గురించి. నాకు మాట్లాడే అవసరం లేకుండా చేశారు.

ఇప్పుడు మంగళవారానికి వస్తాను. నేను పేటకి చేరేసరికి ఆయన కొడుకు అరుగు మీద తండ్రి పక్కన ఒక్కడే కూర్చున్నాడు. వీధి నిండా జనం. పాడె సిద్ధంగా ఉంది. పాడె మోయడానికి మనుషులు కావాలి. అతను ఎవర్నీ అడగలేదు. టౌన్‌షిప్పు నుంచి తన స్నేహితులు వస్తున్నారని మాత్రం అన్నాడు.

పేటలో మగవాళ్లు ఒకరి వెనక ఒకరు దాక్కున్నట్టు నిలబడి ఉన్నారు. ఆ రోజు ఇసకలో కూర్చున్నవాళ్లలో సగం మంది ఇంకా ఉన్నారు. ముందుకి రావాలని వాళ్లకీ ఉంది. ఏ హక్కుతో వస్తారు? ఏళ్లతరబడి పడవ మీద చెయ్యి వేయనివ్వని మనిషి పాడె మీద చెయ్యి ఎలా వేస్తారు?

అమ్మ ముందుకి నడిచింది. నేను వారించలేదు. గుమ్మం ఎక్కి, పెద్దాయన కాళ్ల దగ్గర నేల మీద కూర్చుని, ఆ పాదాల మీద రెండు చేతులూ పెట్టింది. తర్వాత వీధివైపు తిరిగింది. అమ్మకి గట్టిగా మాట్లాడటం అలవాటేనని ముందే చెప్పాను.

"ఎల్దారన్నది నా పెనిమిటి. ఈయన ఒద్దన్నాడు. మీరందరూ ఇన్నారు. ఇనీ నవ్వేరు. నాకూ తెల్సు. నానూ నోరు మూసుకున్నాను. ఇప్పుడైనా ఒప్పుకోకపోతే మనం మనుసులమేనా?"

ఎవరూ కాదనలేదు. కాసేపటికి నాన్న ఈడువాడు, ఆ రోజు విరిగిన పడవతో ఒడ్డుకి వచ్చినవాడు, భుజం మీది తువ్వాలు తీసి నడుముకి కట్టుకుని అరుగెక్కాడు. ఆయన కొడుకు ముందు చేతులు జోడించి నిలబడ్డాడు. "బాబూ, మమ్మల్ని మొయ్యనీ," అన్నాడు. ఆ కొడుకు చాలాసేపు అతని ముఖంలోకి చూశాడు. చూసి, పక్కకి జరిగాడు. అతను క్షమించాడని నేను అనను. దారి ఇచ్చాడు, అంతే.

అప్పుడు అందరూ వచ్చారు. భుజాలు మార్చుకుంటూ మోశారు. ఇంతమంది మోసిన పాడెని మా పేటలో నేను చూడలేదు. కానీ అందులో గొప్పేమీ లేదు. అది ఆయన బతికుండగా చేయాల్సిన పని.

నాయకుల గురించి పిల్లలకి పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఇకమీదట నాకు ఆయనే గుర్తొస్తారు. యుద్ధాలు గెలిచినవాళ్లు పుస్తకంలో ఉన్నారు, పరీక్షకి వాళ్లు చాలు. మాట పడాల్సిన రోజున పడలేక, ఆ తర్వాత బతుకంతా పడ్డ మనిషిని నేను చూశాను. అలాంటి మనిషి వెనక నడిచినవాళ్లం ఎలాంటివాళ్లమో కూడా చూశాను. రెండో పాఠం ఏ తరగతిలో చెప్పాలో నాకు తెలియదు.

శ్మశానం నుంచి తిరిగొచ్చాక మగవాళ్లంతా స్నానానికి సముద్రంలోకి దిగారు. అది ఎప్పుడూ నిమిషాల మీద అయిపోయే పని. మూడు మునకలు వేసి, ఒకర్నొకరు పిలుచుకుంటూ ఒడ్డెక్కేస్తారు. మేం ఆడవాళ్లం పొడి తువ్వాళ్లు పట్టుకుని ఇసకలో నిలబడ్డాం. వాళ్లు రాలేదు. నడుము లోతు నీళ్లలో, ఎవరికి వాళ్లు దూరం దూరంగా, మావైపు వీపులు పెట్టి, సముద్రం వైపు తిరిగి నిలబడిపోయారు. అలలు వచ్చి భుజాల దాకా తడిపి పోతున్నాయి. పొద్దు వాలుతోంది. తువ్వాళ్లు మా చేతుల్లో గాలికి ఎగురుతున్నాయి. ఎవర్నీ పిలవాలని మాకు అనిపించలేదు.